మహావిష్ణు తర్వాత ఏం వినాలి? ఒక గుంతకల్లు గార్డు లెక్క

మా తమ్ముడి కొడుకు అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే ఉగ్గాని, బజ్జీల పొట్లం పట్టుకుని గుంతకల్లులో దిగినాడు. వాడు పొట్లం తెచ్చినాడంటే ఏదో పని పడినట్టే. "పెద్దనాయనా, మహావిష్ణు ఆర్కెస్ట్రావి నచ్చినవన్నీ అరిగిపోయేదాకా వినేసినా. ఇట్లాంటి బ్యాండ్లు ఇంకా ఏమున్నాయో చెప్పు" అన్నాడు. మహావిష్ణు ఆర్కెస్ట్రా అంటే 1970లలో గిటారు, ఫిడేలు, డ్రమ్ములతో జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయించిన బృందం. ఫోన్‌లో యాప్‌ని అడగలేదా అంటే, అడిగినాడంట. అది నాలుగు బాగానే ఇచ్చి, ఐదోదానికి వచ్చేసరికి పెద్ద హోటళ్ల లిఫ్టులో మోగే సంగీతం ఎత్తుకుందంట. "అది కూడా జాజేనంట పెద్దనాయనా" అని మొగం చిన్నబుచ్చుకున్నాడు.

నేను గూడ్సు గార్డుగా 38 ఏళ్లు చేసి 2022లో దిగినా. ఆ ఏడాదే మా పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ, మా వీధిలో నేనింకా గార్డు సారునే. సంగీతం నేర్చుకున్నోణ్ని కాదు. చిన్నప్పుడు ఉరవకొండ పక్కన మా ఊళ్లో చెక్కభజనలో ఎగిరినోణ్ని, అంతే. ఈ పిచ్చి అంటించింది మా రైల్వే కాలనీలో ఉండే ఓ ఆంగ్లో ఇండియన్ డ్రైవరు. ఆస్ట్రేలియాకు పోతా పోతా పదిహేను రికార్డులు నా చేతిలో పెట్టిపోయినాడు. నా దగ్గర రికార్డ్ ప్లేయర్ లేదు. బళ్లారిలో ఓ రికార్డింగ్ షాపులో వాటిని క్యాసెట్లలోకి ఎక్కించుకున్నా. పేరు మొత్తం రాయడానికి చోటు చాలక, ఒకదాని మీద "మహావిష్ణు" అని రాసి అల్మరాలో పెట్టినా.

ఆ ఏడాది వైకుంఠ ఏకాదశి. నేను నైటు డ్యూటీ దిగొచ్చి పండుకున్నా. మా ఇంటామె తలకు పోసుకుని, దీపం పెట్టి, ఆ క్యాసెట్ చూసి సంబరపడి టేప్‌రికార్డర్‌లో వేసింది. "బర్డ్స్ ఆఫ్ ఫైర్" మొదలయ్యేది గాంగు మోతతో. అచ్చం గుళ్లో జేగంట కొట్టినట్టే ఉంటుంది. ఆమె కండ్లు మూసుకుని చేతులు జోడించింది. ఆ వెనకనే గిటారు, ఫిడేలు, డ్రమ్ములు ఒకటి మీద ఒకటి వచ్చి పడినాయి. నేను మంచం మీంచి లేచి వచ్చేసరికి ఆమె హారతి పళ్లెం పట్టుకుని అట్లనే నిలబడి ఉంది. "ఇది యాడి మహావిష్ణువయ్యా, కంబం చీల్చుకుని వచ్చే కదిరి నరసింహుడు గదా" అనింది. అంతకంటే బాగా ఆ బృందం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

పేరుకు కారణం ఉంది. బృందం కట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లీషాయన. న్యూయార్క్‌లో శ్రీ చిన్మయ్ అనే బెంగాలీ గురువు శిష్యుడైతే, ఆ గురువు పెట్టిన పేరు మహావిష్ణు. 1971లో బృందం మొదలైంది. బిల్లీ కోబమ్ డ్రమ్స్, యాన్ హామర్ కీబోర్డు, జెర్రీ గుడ్‌మన్ ఫిడేలు, రిక్ లెయిర్డ్ బాస్ గిటారు. 1971లో "ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్", 1973లో "బర్డ్స్ ఆఫ్ ఫైర్". 1973 చివరికల్లా ఆ ఐదుగురూ విడిపోయినారు. మావాడి బాధంతా ఇదే. ఉన్నది కొంచెం, ఆకలి పెద్దది.

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మీకు నచ్చిన బృందం ఇంకోటి కావచ్చు. పద్ధతి మారదు.

ముందు జర్నల్ రాయండి

గార్డు దగ్గర ఒక జర్నల్ ఉంటుంది. ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, యాడ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ రాయాల. ఊరికే "లేటైంది" అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. సిగ్నల్ లేకనా, ఇంజను చెడిపోయా, ముందర ఎక్స్‌ప్రెస్ వదిలినారా?

పాట విషయంలో మనమంతా "బాగుంది" దగ్గరే ఆగిపోతాం. అందుకే "ఇట్లాంటివి" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నేను మావాడికి ఒక కాగితం, పెన్ను ఇచ్చి, "బర్డ్స్ ఆఫ్ ఫైర్" ఆల్బమ్ మళ్లీ పెట్టుకోమన్నా. ఒళ్లు జలదరించిన ప్రతిచోటా నిమిషం, సెకను, అక్కడ ఏ వాయిద్యం ఏం చేస్తోందో రాయమన్నా. వాడు మిద్దె మీదికి పోయి గంట తర్వాత దిగినాడు. ఏడు చోట్ల గుర్తు పెట్టినాడు. ఐదు చోట్ల ఫిడేలే. అందులోనూ గిటారూ ఫిడేలూ కలిసి ఒకే వరసను పరుగు మీద వాయించే చోట్లు. డ్రమ్ముల గురించి ఒక్క మాటా రాయలేదు! నేను ముప్పై ఏళ్లుగా ఆ బృందాన్ని కోబమ్ డ్రమ్ముల కోసమే విన్నా. ఒకే రికార్డు, ఇద్దరం విన్నది వేరువేరు. నాకు పనికొచ్చే జాబితా వాడికి పనికిరాదు.

ఇంకో మాట కూడా రాసినాడు: "లెక్క తప్పుతోంది." ఇది ముఖ్యమైన సంగతి. మన చెవికి అలవాటైన సినిమా పాట నాలుగింటికో, మూడింటికో మొదటికి వస్తుంది. "బర్డ్స్ ఆఫ్ ఫైర్"లో ఆ గిటారు వరస పద్దెనిమిదింటికి గానీ మొదటికి రాదు. కంగారు పడాల్సిన పనేం లేదు. మా అవ్వ శెనక్కాయల మూటలు లెక్కపెట్టినట్టు వేళ్ల గీతల మీద లెక్కపెట్టండి. బొటనవేలితో తాకుకుంటా పోతే ఎడమచేతి నాలుగు వేళ్లకు, వేలికి మూడు గీతల చొప్పున పన్నెండు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు రెండింటికీ ఆరు. కుడి ఉంగరపు వేలి చివరి గీత దాటినాక మళ్లీ ఎడమ చూపుడువేలి మొదటి గీత తగిలే చోట పాట కూడా మొదటికి వస్తుంది. మావాడికి నాలుగోసారికి దొరికింది. దొరికినప్పుడు వాడి మొగం చూడాల! "ద డాన్స్ ఆఫ్ మాయ" పదింటి లెక్క, ఐదు వేళ్లు రెండుసార్లు మడిస్తే సరిపోతుంది. "సెలెస్టియల్ టెరెస్ట్రియల్ కమ్యూటర్స్" అని ఇంకోటుంది, ఆకాశానికీ భూమికీ మధ్య రోజూ తిరిగే సీజన్ పాసోళ్లన్నమాట. అది పంతొమ్మిది. దాన్ని వేళ్ల మీద పట్టుకోవడం నావల్ల కాలేదు, అంత ఉరుకుతుంది.

మీ కాగితం మీద పడే మాటలు ఇట్లాంటివి: ఫిడేలా, గిటారా, బాకాలా, కీబోర్డా? పాడేవాళ్లు ఉన్నారా లేరా? లెక్క తిన్నగా పోతోందా, వంకరగానా? రికార్డింగు నున్నగా ఉందా, గరుగ్గా ఉందా? ఈ నాలుగూ తేలితే సగం పని అయినట్టే.

మనుషుల వెంట పోండి

రికార్డు రోజుల్లో అట్ట వెనక ఎవరు ఏది వాయించినారో ఉండేది. నేను రన్నింగ్ రూములో, అంటే డ్యూటీ మధ్యలో మేం పండుకునే చోట, నిద్ర పట్టనప్పుడు, పాట వినే వీలు లేకపోతే, ఆ అట్టే చదువుకుంటా పండుకునేవాణ్ని. ఇప్పుడు ఫోన్‌లో అట్ట లేదు. కొన్ని యాప్‌లలో పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ అని వస్తుంది గానీ, అందులో ఎక్కువగా రాసినవాళ్ల పేర్లే ఉంటాయి. వాయించినవాళ్ల కోసం డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌కు పోండి. ఆల్బమ్ పేరు కొడితే అట్ట వెనక ఉన్నదంతా కనిపిస్తుంది. ఒక్కొక్క పేరు మీద నొక్కితే ఆ మనిషి ఇంకా ఏ రికార్డుల్లో వాయించినాడో వరసగా వస్తుంది. వికీపీడియా కూడా ఈ పనికి బాగానే ఉంటుంది.

తర్వాత ఒక్కొక్క మనిషికీ రెండు ప్రశ్నలు వేయండి. ఇక్కడికి రాకముందు యాడున్నాడు? ఇక్కణ్నుంచి యాడికి పోయినాడు?

జెర్రీ గుడ్‌మన్ ఫిడేలు పట్టుకుని ముందు షికాగోలో "ద ఫ్లాక్" అనే బృందంలో ఉన్నాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ 1969ది. మహావిష్ణు చెదిరినాక యాన్ హామర్, ఈయన కలిసి 1974లో "లైక్ చిల్డ్రన్" చేసినారు. మావాడి కాగితానికి ఇవి రెండూ సూటిగా తగులుతాయి. కోబమ్ 1973లో "స్పెక్ట్రమ్" చేసినాడు, అందులో కీబోర్డు హామరే, గిటారు టామీ బోలిన్. నాలాంటి డ్రమ్ముల పిచ్చోళ్లు యాడికీ పోకుండా నేరుగా దీని దగ్గరికి రండి. హామరు 1976లో గిటారిస్టు జెఫ్ బెక్ "వైర్డ్"లో వాయించినాడు. తర్వాత అమెరికా టీవీలో "మయామీ వైస్"కు సంగీతం చేసి బాగా పేరు తెచ్చుకున్నాడు, దాని జోలికి మనం పోనక్కర లేదు. రిక్ లెయిర్డ్ బాస్ పక్కన పెట్టి కెమెరా పట్టుకుని ఫొటోగ్రాఫర్ అయిపోయినాడు. కాబట్టి ఆ లైను అక్కడికి ఆగిపోయింది. అట్లా ఆగిపోయే లైన్లూ ఉంటాయి.

గుడ్‌మన్ తర్వాత మహావిష్ణులో ఫిడేలుకు వచ్చినాయన ఫ్రాన్సు దేశస్తుడు జాన్-లుక్ పాంటీ. ఆయన పేరు మీద సొంత ఆల్బమ్‌లు వరసగా ఉన్నాయి: 1976లో "ఇమాజినరీ వాయేజ్", 1977లో "ఎనిగ్మాటిక్ ఓషన్", 1978లో "కాస్మిక్ మెసెంజర్". గుడ్‌మన్ ఫిడేలు గీరుతుంది, పాంటీది జారుతుంది. మావాడికి ఏది పడుతుందో విని తేల్చుకోవాల్సింది వాడే. ఇక గిటారూ ఫిడేలూ కలిసి పరుగెత్తడమే కావాలంటే అమెరికాలో డిక్సీ డ్రెగ్స్ ఉన్నారు. స్టీవ్ మోర్స్ గిటారు, అలెన్ స్లోన్ ఫిడేలు, 1978 ఆల్బమ్ "వాట్ ఇఫ్". మన గుడ్‌మన్ 1990లలో వచ్చి ఇదే డ్రెగ్స్‌లో చేరినాడు. మనుషుల వెంట పోతే ఇట్లా తిరిగి తిరిగి తెలిసిన మొగాలే ఎదురవుతాయి.

జంక్షన్ యాడుందో పట్టుకోండి

గుంతకల్లు స్టేషన్లో నిలబడితే ఒక లైను గుత్తి, రేణిగుంట మీదుగా మద్రాసుకు, ఒకటి అనంతపురం, ధర్మవరం మీదుగా బెంగళూరుకు, ఒకటి రాయచూరు, వాడి మీదుగా బొంబాయికి, ఒకటి బళ్లారి మీదుగా హుబ్లికి, ఇంకోటి డోన్, నంద్యాల మీదుగా బెజవాడకు. దారిలో చిన్న స్టేషన్ల పేర్లు ఎన్ని బట్టీ పట్టినా, ఈ ఒక్క చోటు తెలియకపోతే మ్యాపు అర్థం కాదు.

జాజ్-రాక్‌కు ఆ జంక్షన్ మైల్స్ డేవిస్. బాకా వాయించే ఈ పెద్దాయన 1969 ఫిబ్రవరిలో "ఇన్ ఎ సైలెంట్ వే", అదే ఏడాది ఆగస్టులో మూడు రోజుల్లో "బిచెస్ బ్రూ" రికార్డు చేసినాడు. రెండోది మరుసటి ఏడాది బయటికి వచ్చింది. ఈ రెండు అట్టల వెనక ఉన్న పేర్లు రాసుకోండి. సరిగ్గా ఐదు లైన్లు తెగుతాయి.

జో జావినుల్, వేన్ షార్టర్ పోయి వెదర్ రిపోర్ట్ కట్టినారు. చిక్ కొరియా రిటర్న్ టు ఫరెవర్. హెర్బీ హ్యాన్‌కాక్ 1973లో "హెడ్ హంటర్స్". టోనీ విలియమ్స్ లైఫ్‌టైమ్. మెక్‌లాఫ్లిన్ ముందు ఆ లైఫ్‌టైమ్‌లో వాయించి, తర్వాత మహావిష్ణు. అసలు మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండు నుంచి అమెరికా వచ్చిందే టోనీ విలియమ్స్ పిలిస్తే. దిగిన కొద్ది రోజులకే మైల్స్ దగ్గర స్టూడియోలో కూర్చున్నాడు. "బిచెస్ బ్రూ"లో ఒక పాట పేరే "జాన్ మెక్‌లాఫ్లిన్".

ఐదు లైన్లూ ఒకటే వేగంతో పోవు. మహావిష్ణు నచ్చినవాళ్లు ముందు రిటర్న్ టు ఫరెవర్ ఎక్కండి. కాకపోతే 1972 ఆల్బమ్ ఎత్తుకోవద్దు, అది మెత్తటి బ్రెజిల్ గాలి, అందులో పాటలున్నాయి. 1973 "హిమ్ ఆఫ్ ద సెవెంత్ గెలాక్సీ"తో వాళ్లు కరెంటు గిటారు పట్టినారు. 1976 "రొమాంటిక్ వారియర్" వచ్చేసరికి గిటారు అల్ డి మియోలా, బాస్ స్టాన్లీ క్లార్క్, డ్రమ్స్ లెన్నీ వైట్, వీళ్ల పరుగు మహావిష్ణుకు ఏమాత్రం తీసిపోదు. లైఫ్‌టైమ్ 1969 "ఎమర్జెన్సీ!" రికార్డింగు చెవికి గరుగ్గా తగులుతుంది, కానీ నిప్పు అంటుకున్నది అక్కడే. వెదర్ రిపోర్ట్‌లో గిటారిస్టే లేడు. గిటారు కోసం వెతికేవాళ్లు 1977 "హెవీ వెదర్" పెట్టుకుని, అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకెందుకు ఎక్కలేదు అని బాధపడతారు. మీ కాగితం తీసి చూసుకోండి, కారణం అందులోనే ఉంటుంది. ఇక "హెడ్ హంటర్స్" కాలు ఆడించే సంగీతం. మా ఇంటామె ఏమీ అనకుండా విన్నది అదొక్కటే.

బండి నంబరు చూసి ఎక్కితే నేను మోసపోయినా

1990లలో ఓసారి బెంగళూరు పోయినప్పుడు ఒక సీడీ కొన్నా. మహావిష్ణు ఆర్కెస్ట్రా, "అపొకలిప్స్". నాలుగు ట్రిప్పుల కిలోమీటరేజి అలవెన్సు దానికే పోయింది. తిరుగు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఇంట్లో పెడితే ఏముంది? వంద వయొలిన్ల మాదిరి పెద్ద ఆర్కెస్ట్రా. కోబమ్ లేడు, హామర్ లేడు. అది 1974లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డు. మెక్‌లాఫ్లిన్ తప్ప బృందమంతా కొత్తవాళ్లు. నేను అట్ట ముందువైపు పేరు చూసి కొన్నా, వెనకవైపు తిప్పి చూడలేదు. మా భాషలో చెప్పాలంటే బండి నంబరు అదే, క్రూ వేరే, లోడు వేరే. కోపంతో రెండేళ్లు ముట్టుకోలేదు. తర్వాత విన్నా, ఇప్పుడు ఇష్టమే, పాంటీ మహావిష్ణులో మొదట వినిపించింది అందులోనే. అయినా ఆ రోజు కడుపు మండింది నిజం.

అందుకని బృందం పేరు పక్కన ఎప్పుడూ ఏడాది రాసుకోండి. జాజ్-రాక్ బృందాల్లో చాలామంది రెండు మూడేళ్లకు మించి నిలబడరు. "సాఫ్ట్ మెషీన్ నాకు నచ్చదు" అనేవాళ్లను ఏ ఏడాది సాఫ్ట్ మెషీన్ అని అడగాల. మొదట్లో పాడేవాళ్లు, 1970కి సాక్సాఫోన్ల బృందమైనారు, 1975 "బండిల్స్" నాటికి గిటారు ముందుకు వచ్చింది. ఒకే పేరు మీద మూడు బృందాలు.

మీ బృందం వేరేదైతే

స్టీలీ డాన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉంటారు. పాట ఉండాల, నున్నగా ఉండాల, లోపల జాజ్ ఉండాల. వాళ్లు చూడాల్సింది వేరే. 1970ల నడిమి నుంచి స్టీలీ డాన్ అంటే వాల్టర్ బెకర్, డొనాల్డ్ ఫేగన్ ఇద్దరే. మిగతావాళ్లను పాటపాటకూ పిలిపించుకున్నారు. కాబట్టి అక్కడ ఆల్బమ్ మొత్తానికి కాకుండా పాటపాటకూ పేర్లు చూడాల. 1977 "ఏజా"లో అదే పేరున్న పాటలో డ్రమ్స్ స్టీవ్ గ్యాడ్, సాక్సాఫోన్ ఎవరనుకున్నారు? వేన్ షార్టర్. తిరిగి మన జంక్షన్‌కే వచ్చినాం. బాకాలు, బూరలు ఇష్టమైనవాళ్లకు బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్, షికాగో మొదటి రెండు ఆల్బమ్‌లు చాలు. ఇంగ్లండు తరహా కావాలంటే 1976లో బ్రాండ్ ఎక్స్ "అనార్థొడాక్స్ బిహేవియర్". దాంట్లో డ్రమ్స్ ఫిల్ కాలిన్స్. పాటగాడిగానే ఆయన్ను ఎరిగినవాళ్లకు ఇది వింటే నోట మాట రాదు.

మన వైపు లైను

వంకర లెక్కలు ఇష్టమైనవాళ్లు అమెరికా చుట్టూ తిరగనక్కర లేదు. మెక్‌లాఫ్లిన్ తానే ఈ వైపు వచ్చినాడు. అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, మహావిష్ణు నడుస్తుండగానే శక్తి బృందం మొదలుపెట్టినాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది, కచేరీలో రికార్డు చేసింది. అందులో "జాయ్" పద్దెనిమిది నిమిషాలు. మావాడి ఏడు గుర్తుల్లో ఐదింటికి, అంటే తీగ వాయిద్యాలు రెండు కలిసి పరుగెత్తడానికి, ఇంతకంటే దగ్గరి సమాధానం నాకు తెలీదు. కరెంటు లేదు, డ్రమ్స్ లేవు, అయినా అదే పరుగు. "పోలిక" అంటే చప్పుడులో పోలిక కావచ్చు, నడకలో పోలిక కావచ్చు. చప్పుడు ఒకటే చూసుకునే యాప్ శక్తిని చూపించకపోవచ్చు. నడక చూసుకునేవాడికి అదే మొదట దొరుకుతుంది.

శక్తి తర్వాత రిమెంబర్ శక్తి అయింది. అందులో మాండలిన్ మన పాలకొల్లు యు. శ్రీనివాస్, 2014లో చిన్న వయసులోనే పోయినాడు. ఘటం వినాయకరామ్ చోటులో ఆయన కొడుకు సెల్వగణేశ్ కంజీర పట్టుకుని కూర్చున్నాడు. రైల్వేలో తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చినట్టు అనుకునేరు, విన్నాక ఆ మాట అనరు. 2023లో మళ్లీ శక్తి పేరు మీదనే "దిస్ మొమెంట్" తెచ్చినారు, మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే జాకిర్ హుస్సేన్ పోయినాడు.

యాప్‌ను మీరే నడపండి

యాప్‌ను పూర్తిగా తోసిపుచ్చను. అది ఎక్కువగా చూసేది, ఇది విన్నవాళ్లు ఇంకేం విన్నారని. అట్ట వెనక ఎవరున్నారో దానికి పెద్దగా పట్టదు. అందుకే బృందం పేరు మీద రేడియో, అంటే అట్లాంటి పాటలే వరసగా మోగించేది, పెట్టమంటే మెల్లగా లిఫ్టు సంగీతంలోకి దింపుతుంది. బృందం పేరు కాకుండా మీ కాగితం మీద గుర్తు పెట్టుకున్న ఒక్క పాట మీద రేడియో పెట్టండి. నచ్చనిది వచ్చినప్పుడు విని ఊరుకోవద్దు, నచ్చలేదని నొక్కి చెప్పండి. వెతికేటప్పుడు బృందం పేరుకు బదులు పక్క వాయిద్యగాడి పేరు కొట్టండి.

కొత్త ఆల్బమ్‌ను మూడుసార్లు వినకుండా పక్కన పెట్టొద్దు. మొదటిసారి ఏమీ దొరకదు. మంచి ఇయర్‌ఫోన్ కావాల, బాస్ వినపడకపోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. అంతకుమించి సామాను ఏమీ అక్కర లేదు.

మావాడు సాయంత్రం ప్యాసింజరుకు అనంతపురం పోయినాడు. నాలుగు రోజులకు రాత్రి పదికి ఫోను. పాంటీ "ఎనిగ్మాటిక్ ఓషన్" వింటున్నాడంట. "పెద్దనాయనా, ఇందులో ఒక గిటారు నీళ్లు పారినట్టు పోతోంది, ఎవరది? పేర్లు చూస్తే ఇద్దరున్నారు, డారిల్ స్టర్మర్, అలన్ హోల్డ్స్‌వర్త్. ఏది ఎవరిదో ఎట్లా తెలిసేది?"

"ముందటేడు 'ఇమాజినరీ వాయేజ్' పెట్టు. దాంట్లో స్టర్మర్ ఒక్కడే. ఆయన చెయ్యి బాగా గుర్తు పెట్టుకుని మళ్లీ దీనికి రా. అందులో లేని చెయ్యి ఏది వినపడుతుందో అది రెండోవాడిది" అని ఫోన్ పెట్టేసినా.

పదకొండున్నరకు మళ్లీ మోగింది. నేను నిద్రలో ఉన్నా. వాడు ఒక్క గుక్కలో చెప్పుకుంటా పోయినాడు: "హోల్డ్స్‌వర్త్ దొరికినాడు! ఈయన 1975లో టోనీ విలియమ్స్‌తో 'బిలీవ్ ఇట్'లో ఉన్నాడు, అదే ఏడాది సాఫ్ట్ మెషీన్ 'బండిల్స్'లో ఉన్నాడు, 1976లో గాంగ్ అనే బృందం 'గజూజ్'లో ఉన్నాడు, 1978లో బిల్ బ్రూఫర్డ్ దగ్గర…"

మా ఇంటామె లేచి కూర్చుంది. "ఇంత రాత్రప్పుడు ఎవరు?"

"మన పిల్లోడే. హోల్డ్స్‌వర్త్ దొరికినాడంట."

"అయ్యో, యాడ తప్పిపోయినాడు పాపం?" అనింది.